విదురుడు చెప్పిన నిద్రలేనివాళ్ళు

విషాద నాటకంలో నిద్ర దేనికి ప్రతీక అని సాహిత్య విద్యార్థిని అడిగితే తడుముకోకుండా జవాబు వస్తుంది: నిర్దోషి నిద్రపోతాడు, పాపం చేసినవాడికి నిద్రపట్టదు. ఉదాహరణ కూడా వెంటనే వస్తుంది, మాక్బెత్. నిద్రపోతున్న డంకన్ రాజును పొడిచి తన నిద్రనే పోగొట్టుకున్న సేనాని, నిద్రలో నడుస్తూ లేని నెత్తురును చేతులనుంచి కడుక్కునే అతని భార్య. జవాబు అబద్ధం కాదు. కాని దాన్ని ఒక సూత్రం చేసి మన నాటకాలకూ, మన కావ్యాలకూ, ఇప్పుడు మనం రాస్తున్న వాటికీ అంటించడంలో చిక్కుంది. ఆ చిక్కు గురించే ఈ వ్యాసం.

మా నస్పూర్ చుట్టుపక్కల బొగ్గుబాయిల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు రాసిన నాటికలు చదివి అభిప్రాయం చెప్పే పని కొన్నేళ్ళుగా నామీద పడుతూ ఉంది. ఇతివృత్తాలు మంచివి. బాయిలో పైకప్పు కూలడం, నష్టపరిహారం కోసం తిరగడం, కాంట్రాక్టు కూలీకి పేరు కూడా రికార్డులో లేకపోవడం. అయితే చివరి రంగం దాదాపు అన్నిటిలో ఒకటే. కాంట్రాక్టరు మంచంమీద దొర్లుతుంటాడు. చనిపోయిన కార్మికుడు తెల్లబట్టతో వచ్చి నిలబడతాడు. కాంట్రాక్టరు గావుకేక పెడతాడు, తెర పడుతుంది. చప్పట్లు కూడా బాగానే పడతాయి. ఏ కాంట్రాక్టరు మంచం పక్కన నిలబడి చూసి రాశారయ్యా ఈ రంగం అని అడగాలనిపిస్తుంది. ఇది బాయి నుంచి రాలేదు, పాఠ్యపుస్తకం నుంచి వచ్చింది. అంతరాత్మ అనే న్యాయాధికారి శిక్ష వేసేశాడు కనుక ఇక యూనియను అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు, ప్రేక్షకుడు ఇంటికి పోయి నిశ్చింతగా పడుకోవచ్చు.

మాక్బెత్ నాటకమైనా ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. డంకన్ గది ముందు ఇద్దరు పరిచారకులు నిద్రపోతుంటారు. వాళ్ళకు మత్తు కలిపిన పానీయం పట్టించింది రాణి. హత్య తరవాత వాళ్ళ ముఖాలకు నెత్తురు పూసి, బాకులు పక్కన పెడతారు. తెల్లవారాక మాక్బెత్ వాళ్ళు నోరు విప్పకముందే నరికేస్తాడు. ఆ నాటకంలో డంకన్ నిద్ర గురించి పేజీలు రాసిన విమర్శకులు ఈ ఇద్దరి నిద్ర గురించి ఎంత రాశారు? వాళ్ళు నిద్రపోయారు, నిద్రపోవడమే వాళ్ళ నేరానికి సాక్ష్యమైంది. రాజు నిద్ర నిర్దోషిత్వం, నౌకరు నిద్ర నేరం. కావలివాడు నిద్రపోకూడదు గదా!

ఇంగ్లీషు నాటకాన్ని తెలుగులోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటైన వావిలాల వాసుదేవశాస్త్రి 'సీజరు చరిత్రము' 1870ల నాటిది. ఆయన ఎంచుకున్న జూలియస్ సీజర్ నాటకంలోనూ ఇలాంటి నిద్రే ఉంది. కుట్ర గురించి ఆలోచిస్తూ బ్రూటస్ మేలుకొని ఉంటాడు, అతని చిన్న నౌకరు లూసియస్ ఆదమరచి నిద్రపోతుంటాడు. తరవాత యుద్ధశిబిరంలో వాద్యం వాయిస్తూ వాయిస్తూనే ఆ పిల్లవాడు కునుకు తీస్తాడు. బ్రూటస్ జాలిపడి, వాద్యం విరిగిపోకుండా తీసి పక్కన పెడతాడు. పసితనపు నిర్మలత్వానికి ప్రతీక అని దీన్ని వ్యాఖ్యానిస్తారు. నాకు కనిపించేది అలసట. యజమాని లేపినప్పుడల్లా లేచి, దీపం తెచ్చి, తలుపు తీసి, పాట పాడిన పిల్లవాడు పడిపోయాడు. అది నిర్మలత్వమో కాదో ఆ పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు.

మన సంప్రదాయంలో నాటకానికి అసలు నిద్రే నిషిద్ధం. రంగంమీద శయనం చూపకూడదని నాట్యశాస్త్రం అంటుంది. కథకు తప్పనిసరి అయితే అక్కడ అంకం ముగించాలట. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వధ, యుద్ధం, మరణం, భోజనాలతోపాటు శయనాన్నీ నిషేధాల పట్టికలో చేర్చాడు. దీని వెనక మర్యాద గురించిన పట్టింపు ఉండవచ్చు. ఫలితం మాత్రం ఒకటే: మనిషి పూర్తిగా నిస్సహాయుడైన స్థితిని రంగంమీద చూసే అవకాశం పోయింది.

ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టి తెలుగు నాటకానికి కొత్తదారి వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఈ నిషేధాల కంచెను దాటినవాడు. 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకుంటాం. సంస్కృతంలో విషాదాంతం లేదు కనుక ఇదంతా షేక్స్‌పియర్ అనుకరణ అని పండితులు అప్పట్లో ఈసడించారు. విచిత్రమేమంటే, ఆయన కన్నుమూసిన 1912లోనే తిరువనంతపురంలో గణపతిశాస్త్రి భాసనాటకాలను అచ్చు వేయడం మొదలైంది. ఆ నాటకాల్లో 'స్వప్నవాసవదత్త' నాయకుడు ఉదయనుడు రంగంమీదే నిద్రపోతాడు. చనిపోయిందనుకున్న భార్యతో కలలో మాట్లాడతాడు, పాత తప్పు ఒకటి ఆ మాటల్లో బయటపడుతుంది. 'ఊరుభంగం'లో దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటే ప్రాణం విడుస్తాడు. ఇక పగ వద్దని అతడు చెప్పినా వినకుండా అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్ళను చంపడానికి విల్లు పట్టుకొని వెళ్ళిపోతాడు. నాటకం అక్కడ ముగుస్తుంది. మన ఇంట్లో ఉన్నదాన్ని పండితులు ఎరగక, ఎరువు తెచ్చుకున్నాడని ధర్మవరాన్ని ఆడిపోసుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. నిద్రపట్టకపోవడం గురించి మన సాహిత్యంలో ఉన్న మాటలన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచేది భారతం ఉద్యోగపర్వంలో ఉంది. పాండవుల దగ్గరనుంచి తిరిగి వచ్చిన సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి నాలుగు మాటలని, మిగతాది రేపు సభలో చెబుతానని వెళ్ళిపోతాడు. ముసలిరాజుకు నిద్రపట్టదు. ద్వారపాలకుణ్ణి పంపి విదురుణ్ణి పిలిపిస్తాడు. విదురుడు వచ్చి, నిద్రపట్టనివాళ్ళు ఎవరెవరో చెబుతాడు: బలవంతుడు మీదికి వస్తే బలం లేనివాడికి నిద్ర ఉండదు, ఉన్నదంతా పోగొట్టుకున్నవాడికి ఉండదు, కామంతో తపించేవాడికి ఉండదు, దొంగతనానికి పొంచి ఉన్నవాడికి ఉండదు. వీటిలో నువ్వు ఎవరివి అన్నది అడగని ప్రశ్న. తిక్కన దీన్నంతా ఒక చిన్న పద్యంలో ఇమిడ్చాడు.

ఈ జాబితాను జాగ్రత్తగా చూడాలి. పోగొట్టుకున్నవాడూ, దొంగిలించేవాడూ పక్కపక్కనే ఉన్నారు. అంటే నిద్రలేమి దానంతట అది నేరానికి రుజువు కాదు. దోపిడి జరిగినచోట ఇటువైపూ నిద్ర ఉండదు, అటువైపూ ఉండదు. ఎవరు ఎటువైపు ఉన్నారో తేల్చుకోవడమే మిగిలిన పని. మాక్బెత్ సూత్రంతో పాఠం చెబితే విదురుడి జాబితాలో సగంమంది, అంటే దెబ్బతిన్న సగం, కనిపించకుండా పోతారు.

ఇంకొకటి. ధృతరాష్ట్రుడు ఆ రాత్రంతా మేలుకొని నీతులు విన్నాడు. పాండవుల భాగం పాండవులకు ఇచ్చేస్తే నీకు నిద్రపడుతుందని విదురుడు మొహమాటం లేకుండా చెప్పాడు. రాజు ఒప్పుకున్నాడు కూడా. నువ్వు చెప్పినప్పుడు నా బుద్ధి పాండవులవైపే పోతుంది, దుర్యోధనుణ్ణి చూడగానే మళ్ళీ వెనక్కి తిరుగుతుంది, ఏం చేయను, విధి బలీయం అన్నాడు. తెల్లవారింది. నిద్రలేని రాత్రి వల్ల ఒక్క ఊరు కూడా చేతులు మారలేదు. మా నాటికల్లో కాంట్రాక్టరు మంచంమీద దొర్లినంత మాత్రాన ఏదో జరిగిపోయినట్టు తెర వేసేవాళ్ళు ఈ ఘట్టం చదవాలి.

ఆ రాత్రి హస్తినలో మేలుకొని ఉన్నది రాజు ఒక్కడేనా? ద్వారపాలకుడు మేలుకొనే ఉన్నాడు. విదురుడు తన నిద్ర మానుకొని వచ్చాడు. దాసి కొడుకు కనుక లోకనీతి ఎంతైనా చెప్పవచ్చు. పరమార్థం అడిగేసరికి, శూద్రయోనిలో పుట్టినవాణ్ణి, అది చెప్పడానికి నాకు అధికారం లేదని సనత్సుజాతుణ్ణి పిలవవలసి వచ్చింది. యజమానికి నిద్రపట్టనందువల్ల మేలుకోవలసినవాళ్ళు జాబితాలో లేరు. జాబితా చెబుతున్నవాడే వాళ్ళలో ఒకడు.

విదురుడు విడివిడిగా చెప్పిన ఇద్దరూ, పోగొట్టుకున్నవాడూ దొంగా, ఒకే మనిషిలో కలిసినప్పుడు విషాద నాటకం పుడుతుందని నేననుకుంటాను. నలుణ్ణి చూడండి. పుష్కరుడితో జూదంలో రాజ్యం పోయింది. పక్షులు ఒంటిమీది బట్టను కూడా ఎత్తుకుపోయాయి. అడవిలో భార్యాభర్తలు ఇద్దరికీ ఒకటే వస్త్రం. దమయంతి అలసి నిద్రపోయింది, నలుడికి నిద్రపట్టలేదు. ఇంతవరకు అతడు పోగొట్టుకున్నవాడు. కత్తితో ఆ బట్టలో సగం కోసుకున్న క్షణాన దొంగ అయ్యాడు. కొంతదూరం పోతాడు, వెనక్కి వస్తాడు, నిద్రపోతున్న ఆమెను చూస్తాడు, మళ్ళీ పోతాడు. నన్నయ తెలుగు చేసిన ఈ కథను ధర్మవరం 1880ల్లో 'చిత్రనళీయము'గా రంగం ఎక్కించాడు. నలకథను నాటకం చేసేవాడెవడూ ఈ నిద్రను దాటి పోలేడు. శాస్త్రం శయనాన్ని వద్దంటే ఇక్కడ కథే శయనంమీద నిలబడి ఉంది. కలిపురుషుడు ఆవహించాడు కనుక నలుడి తప్పు లేదంటారు. రాజుల తప్పులకు ఎప్పుడూ ఒక కలి దొరుకుతాడు. దమయంతి లేచి చూసుకున్నప్పుడు ఆమె ఒంటిమీద ఉన్నది సగం బట్టే, కలి ఆవహించినా ఆవహించకపోయినా.

తెలుగు రంగస్థలంమీద అన్నిటికన్నా ప్రసిద్ధమైన నిద్ర మాత్రం దొంగనిద్ర. తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగం'లో కృష్ణుడు మంచంమీద పడుకొని ఉంటే దుర్యోధనుడు తలాపున, అర్జునుడు కాళ్ళదగ్గర కూర్చునే ఘట్టం. నాటకాలవాళ్ళు దాన్ని 'పడక సీను' అంటారు. ఆ ఒక్క సీనుకోసం తిరిగి తిరిగి నాటకం చూసినవాళ్ళు తెలుగు పల్లెల్లో లెక్కలేనంతమంది. కళ్ళు తెరిచి ఎవరిని ముందు చూస్తే వాళ్ళకు ముందు కోరుకునే హక్కు. పక్కకు తిరిగి పడుకోవడంలోనే యుద్ధం ఎటు తిరగాలో నిర్ణయమైపోయింది. ప్రేక్షకులు నవ్వుతారు, పద్యానికి వన్స్‌మోర్ అంటారు. నవ్వదగిన సీనే. కాని ఆ యుద్ధం ఎక్కడ ముగిసిందో గుర్తుంచుకొని చూస్తే నవ్వు కొంచెం తగ్గుతుంది. భారతయుద్ధం ఒక మంచం పక్కన మొదలై, మంచాల పక్కనే ముగిసింది.

సౌప్తికపర్వం సంగతి చెబుతున్నాను. దుర్యోధనుడు తొడలు విరిగి పడ్డ రాత్రి ముగ్గురే మిగిలారు. మర్రిచెట్టు కింద కృపుడూ, కృతవర్మా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. అశ్వత్థామకు నిద్ర రాలేదు. ఆయుధం వదిలి కూర్చున్న తండ్రిని నరికారు, అది మరిచిపోలేదు. అప్పటికి అతడు నేరం చేయలేదు. అతడి నిద్రలేమి దెబ్బతిన్నవాడిది. చెట్టుమీద నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా చంపడం చూశాడు. మామను లేపి సంగతి చెప్పాడు. నిద్రపోతున్నవాళ్ళను చంపడం అధర్మం, ఈ రాత్రి నువ్వూ కాస్త నిద్రపో, తెల్లవారాక యుద్ధం చేద్దాం అన్నాడు కృపుడు. సంస్కృత మూలంలో అశ్వత్థామ ఇచ్చిన జవాబు ఆలోచించవలసినది. బాధపడేవాడికి, కోపంతో మండేవాడికి, ధనం గురించి ఆలోచించేవాడికి, కాముకుడికి నిద్ర ఎక్కడిది అంటాడు. దాదాపు విదురుడి జాబితానే. ఒక్కటి తగ్గింది: దొంగ లేడు. విదురుడు దొంగను లెక్కపెట్టాడు, అశ్వత్థామ పెట్టలేదు. పొంచి ఉన్నవాడు తన పేరు తాను చెప్పుకోడు గదా. కోపాన్ని మాత్రం కొత్తగా చేర్చాడు, అది తనకు కావాలి.

ఆ తరవాత జరిగింది తెలిసిందే. ధృష్టద్యుమ్నుణ్ణి కాళ్ళతో తన్ని చంపాడు. ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. ధర్మం చెప్పిన కృపుడు ఏం చేశాడు? కృతవర్మతో కలిసి శిబిరం వాకిట్లో నిలబడి, నిద్రకళ్ళతో పారిపోయి వచ్చినవాళ్ళను నరికాడు. అంతకుముందు చెట్టు కింద హాయిగా నిద్రపోయినవాడు ఇతడే. నిర్దోషికే నిద్రపడుతుందన్న సూత్రాన్ని ఇతడిముందు ఎలా నిలబెడతాం?

పాండవులు ఆ రాత్రి శిబిరంలో లేరు. బయట నది ఒడ్డున ఉండటం మంచిదని కృష్ణుడు ఆ ఐదుగురినీ, సాత్యకినీ వెంట తీసుకుపోయాడు. పడక సీనులో దొంగనిద్ర పోయినవాడు చివరి రాత్రి తనవాళ్ళను నిద్రనుంచే తప్పించాడు. మిగిలినవాళ్ళు, గెలిచామనుకున్న సైనికులు, పిల్లలు, పద్దెనిమిది రోజుల అలసటతో పడుకున్నారు. తెల్లవారాక ఆ వార్త మోసుకొచ్చినవాడు ధృష్టద్యుమ్నుడి సారథి. బతికి బయటపడి చెప్పడానికి మళ్ళీ ఒక నౌకరే కావలసి వచ్చాడు.

పోతన భాగవతంలో, కట్టి తెచ్చిన అశ్వత్థామను చూసి ద్రౌపది, నిద్రపోతున్న పసివాళ్ళమీద నీకు చేతులెలా ఆడాయని అడుగుతుంది. అడిగి, చంపవద్దంటుంది. నాలాగా ఇతడి తల్లి ఏడవకూడదన్నది ఆమె కారణం. ఇక్కడ నేరస్థుడి అంతరాత్మ గురించి ఒక్క మాట లేదు. అతడికి ఇకముందు నిద్రపడుతుందా పట్టదా అని ఆమె ఆలోచించలేదు. ఇంకో స్త్రీ ఏడవకుండా చూడటం ఎలాగన్నదే ఆలోచించింది. విషాదాన్ని చూడవలసిన తీరు ఇది అని నా అభిప్రాయం.

ఇక హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) నాటకంలో కాటిసీను తెలుగునాట ఎన్ని రాత్రులు జనాన్ని మేలుకొలిపిందో చెప్పలేం. ఈ నాయకుడు రాత్రంతా మేలుకొని ఉంటాడు, కాని దోషి కాదు. అమ్ముడుపోయినవాడు. వీరబాహుడి బంటు. కాటిసుంకం వసూలు చేయడం అతడి పని. పాము కరిచి చనిపోయిన కొడుకును భార్య తెచ్చినప్పుడు కూడా సుంకం అడగవలసినంత పని. ఆ శ్మశానంలో నిద్రపోతున్నవాళ్ళంతా చనిపోయినవాళ్ళే, మేలుకొన్నవాడు కాపలావాడు ఒక్కడే. నటులు ఈ సీనులో గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలు చేర్చుకొని పాడటం మొదలుపెట్టారు, అవి నాటకంలో భాగమైపోయాయి. తరతరాలుగా కాటికాపలా ఎవరికి అప్పగించారో అనుభవంతో తెలిసిన కులాలనుంచి వచ్చిన కవి పద్యాలు కాటికాపరి నోట పలకడం నాటక చరిత్రలో యాదృచ్ఛికం కావచ్చు. ప్రేక్షకులు ఆ పద్యాలకోసం అర్ధరాత్రి దాకా కూర్చోవడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

విదురుడి పద్యం తరగతిలో చెబుతున్నప్పుడు, నిద్రపట్టనివాళ్ళు ఇంకా ఎవరున్నారో చెప్పండని పిల్లలను అడిగాను. వెనక బెంచీనుంచి ఒకడు, "మా బాపుకు గూడ నిద్ర ఉండది సార్, నైట్ డ్యూటీ" అన్నాడు. తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. మూడు షిఫ్టుల మీద నడిచే ఊళ్ళు మావి. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి పొద్దున ఇంత తిని పడుకుంటాడు. కిటికీలకు దుప్పట్లు కడతారు. "సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పండిండు" అని తల్లులు పిల్లలను వాకిట్లోకి తోలుతారు. బజారులో కూరగాయలవాడి అరుపు, పక్కింటి టీవీ, ఎండ, ఇవన్నీ ఆ నిద్రలోకి వస్తూనే ఉంటాయి. బాయిలో కన్ను మూతపడితే అది నిబంధనల ప్రకారం దుష్ప్రవర్తన, ఇంటిదగ్గర కన్ను మూతపడదు. డంకన్ గది ముందరి పరిచారకుల బంధువు ఇతడు. ఇతడు బలవంతుడు మీదికి వచ్చిన దుర్బలుడా, సొత్తు పోగొట్టుకున్నవాడా? నిద్రనే సొత్తుగా లెక్కపెడితే రెండోవాడు. లూసియస్ లాగా, హస్తినలో ద్వారపాలకుడి లాగా, కూలికోసం రాత్రిని అమ్ముకున్నవాడు.

ఇతడి నిద్రలేమిని నాటకం చేయడం కష్టం. అందులో దయ్యం లేదు, గావుకేక లేదు. కాంట్రాక్టరును మంచంమీద దొర్లించడం తేలిక. అందుకే నాటికలు అటు పోతున్నాయి. పగటిపూట దుప్పటి కట్టిన గదిలో ఒక మనిషి నిద్రకోసం ప్రయత్నించడం, బయట భార్య గిన్నె చప్పుడు కాకుండా కడగడం, పిల్లవాడు నవ్వు ఆపుకోవడం, దీన్ని ఎవరైనా ఒక రంగంగా రాస్తే నేను చూడాలని ఉంది.

ఒకరి నిద్రను ఇంకొకరు మోయడం మన ఆడవాళ్ళ పాటలకు ఎప్పుడో తెలుసు. ఊర్మిళాదేవి నిద్ర పాట నాటకశాస్త్రం కంచెకు బయట, ఇళ్ళలో పెరిగింది. పద్నాలుగేళ్ళు అన్నవదినెలకు కాపలాగా లక్ష్మణుడు నిద్ర మానాడు. ఆ నిద్ర ఎక్కడికో పోవాలి గనక ఊర్మిళ మీదికి వచ్చింది. అతడి జాగరణ రామాయణానికి ఎక్కింది, ఆమె నిద్రను ఆడవాళ్ళు పాడుకున్నారు. అడవినుంచి తిరిగి వచ్చి భర్త గదిలోకి అడుగుపెడితే ఆమె పోల్చుకోలేదు. ఎవరో పరాయివాడు వచ్చాడని భయపడింది. ఇలా వచ్చావని తెలిస్తే మా బావ, మా వాళ్ళు నిన్ను ఊరుకోరని హెచ్చరించింది. ఆమెది నిర్దోషి నిద్రే, అయినా అందులో సుఖం లేదు. లక్ష్మణుడిది నిర్దోషి జాగరణే, అయినా దానికి ఒకరు మూల్యం చెల్లించారు. ఆ పాట పాడినవాళ్ళు ఊర్మిళను మెల్లగా లేపుతారు, తల దువ్వుతారు, అన్నం పెడతారు, ఆ తరవాతే మొగుడితో మాట్లాడనిస్తారు.